చనుమొన పుండ్లన్నీ రాచపుండ్లు కావు: ముక్క పరీక్షే తేల్చాలి
చనుమొన ఎర్రబడి, పైపొర రేగి, రసి కారుతుంది. రవిక ఒరుసుకుని వుంటుందని కొబ్బరినూనె రాస్తారు. తామర అని ఒకరు, బిడ్డ పన్ను తగిలిందని మరొకరు అంటారు. నెలలు గడిచినా మానదు. చివరకు రవికపై నెత్తుటి మరక కనబడేసరికి ఇంటిల్లిపాదికీ తోచేది ఒక్కటే - రాచపుండు!

కావచ్చు, కాకపోనూవచ్చు. లండన్ వైద్యుడు జేమ్స్ పేజెట్ 1874లో వర్ణించిన వ్యాధి అచ్చం ఇలాగే మొదలవుతుంది. తామరలా కనబడే ఆ పుండు వెనుక చాలామందికి రొమ్ము లోపల కేన్సర్ వుంటుంది. అయితే చనుమొనలోని పాలనాళాల్లో లేచే ‘ఎడినోమా’ అనే అరుదైన కంతి కూడా ఇదే వేషం వేస్తుంది. అది కేన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. పూర్తిగా కోసి తీస్తే సరి. కొంత మిగిలితే అక్కడే మళ్లీ లేవవచ్చు. దాని కోసం రొమ్ము మొత్తం తీయనక్కరలేదు.

మరొకటి ‘గ్రాన్యులర్ సెల్’ కంతి. నరాల తొడుగు కణాల నుంచి పుడుతుంది. నాలుక మీద, చర్మంలో లేచే ఈ కంతి ఒక్కొక్కప్పుడు రొమ్ములోనూ వస్తుంది. రాయిలా గట్టిగా వుండి, పైచర్మాన్ని లోపలికి లాగుతుంది. మామోగ్రామ్ ఫొటోలో సైతం కేన్సర్‌లాగే కనబడవచ్చు. నూటికి తొంభైకి పైగా ఇది అపాయం లేనిదే. అనుభవమున్న సర్జన్లే పొరబడే చోట, చేత్తో తడిమి చెప్పేవారి మాట ఏపాటిది?

పుండు నుంచి చిన్న ముక్క కోసి, గడ్డయితే లావుపాటి సూదితో తీసి, ఫార్మలిన్ సీసాలో లేబొరేటరీకి పంపుతారు. అక్కడ మైనంలో పోతపోసి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎడినోమాలో నాళాల చుట్టూ కణాల బయటి వరుస నిలిచి వుంటుంది. చుట్టూ చొచ్చుకుపోయే కేన్సర్‌లో ఆ వరుస వుండదు. పేజెట్ వ్యాధిలో చర్మం పొరలోనే పాలిపోయిన పెద్ద కణాలు కనబడతాయి. ఇంకా అనుమానముంటే ప్రత్యేకమైన రంగు పరీక్షలున్నాయి.

కత్తి తగిలితే రోగం ఒళ్లంతా పాకుతుందన్న భయం పల్లెల్లో ఇంకా వుంది. ఆ భయంతో ముక్క పరీక్ష మానుకుని, పసర్లతో ఏడాది గడిపిన వారికే నష్టం ఎక్కువ.

రెండు మూడు వారాల పైపూతకు మానని పుండును, అందులోనూ ఒకవైపే వున్నదానిని, సర్జన్‌కు చూపాలి. ఆడవారు సిగ్గుపడి దాస్తారు గనుక ఇంట్లోవారే అడిగి తీసుకువెళ్లాలి. రొమ్ము తీయాలని చెబితే ముందు ముక్క పరీక్ష రిపోర్టు అడగాలి. మైనంలో పోసిన ముక్కను లేబొరేటరీవారు దాచి వుంచుతారు కనుక, కావాలంటే మరో పెథాలజిస్టుకు చూపించుకోవచ్చు.