కంఠత వాక్యము – మన వెంట వచ్చే ధనము



కంఠత వాక్యం అనగానే మీలో చాలామందికి సండే స్కూలు గుర్తుకు వస్తుంది. టీచరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, వచనం అప్పజెప్పి, చివర అధ్యాయము, వచన సంఖ్య చెప్పి కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళమయ్యాక ఆ అలవాటు మెల్లగా పోతుంది. "బైబిలు సెల్‌ఫోనులోనే ఉంది కదా సిస్టర్, ఇంకా కంఠత ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు ఆసుపత్రిలో పనిచేసేవారికి రోజూ కనబడుతుంది.

పుస్తకం చేతిలో లేని సమయం

ఆపరేషనుకు తీసుకువెళ్ళే ముందు రోగి కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, నగలు, ఫోను తీయించి బంధువులకు అప్పగిస్తాము. బైబిలు కూడా వారి దగ్గరే ఉండిపోతుంది. ఎం.ఆర్.ఐ. స్కానింగు గదిలోకి ఫోను తేకూడదు. కాన్పు నొప్పుల మధ్య ఏ తల్లీ పేజీలు తిప్పలేదు. కంటిచూపు తగ్గిన పెద్దవారికి చిన్న అక్షరాలు కనబడవు. ఇలాంటి వేళల్లో లోపలికి మన వెంట వచ్చేది మన మనస్సులో ఉన్నది మాత్రమే.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని మొదటి నుండి చెబుతూనే ఉంది. ద్వితీయోపదేశకాండము 6:6-9 చదవండి. దేవుని మాటలు ముందు హృదయంలో ఉండాలి, తరువాత ఇంట్లో, దారిలో, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడుకోవాలి. మత్తయి 4వ అధ్యాయంలో ప్రభువు నలభై దినములు ఉపవాసముండి, ఆకలితో ఉన్నప్పుడు శోధన వచ్చింది. మూడుసార్లూ ఆయన ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే జవాబిచ్చాడు. బలహీన సమయంలో కొత్తగా వెదుక్కోలేదు, ముందే హృదయంలో ఉన్నదే పనికివచ్చింది.

119వ కీర్తనలో 176 వచనాలున్నాయి. హెబ్రీ అక్షరాలు 22. ఒక్కొక్క అక్షరానికి 8 వచనాలు, ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. మన పిల్లలు అ, ఆ వరుసలో నేర్చుకున్నట్లు, ఇలాంటి వరుస ఉంటే తరువాత వచ్చేది గుర్తుంచుకోవడం తేలిక.

జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

"నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అని చాలామంది అంటారు. ఎక్కువసార్లు తక్కువగా ఉండేది శక్తి కాదు, పద్ధతి. జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షలు చేసుకుని 1885లో ఒక పుస్తకం ప్రచురించాడు. నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లోనే వేగంగా మరుపుకు వస్తుందనీ, ఆ తరువాత మరుపు నెమ్మదిస్తుందనీ అందులో చూపించాడు. కాబట్టి ఒకే రోజు వందసార్లు చదవడంకన్నా, ఆ పూట, మరునాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు తిరిగి చెప్పుకోవడం మేలు.

ఇంకొక సంగతి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో చేసిన పరిశోధనలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నది. అంటే, సండే స్కూలులో అప్పజెప్పించడం మంచి పద్ధతే. నిద్ర కూడా అవసరం. పగలు నేర్చుకున్నదానిని మెదడు నిద్రలో స్థిరపరచుకుంటుంది.

శరీరానికి ఏమి మేలు?

భయపడినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుండి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. 2001లో ఇటలీ వైద్యులు కొందరి చేత లాటిన్ భాషలో జపమాల ప్రార్థన, యోగ మంత్రం చెప్పించి పరీక్షించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు 6 సార్లకు నెమ్మదించింది, గుండె లయకు కూడా అది మేలు చేసింది. శరీరానికి కలిగిన ఈ మేలు నెమ్మదిగా, ఒక లయలో పలకడం వల్ల వచ్చింది. మనం వాక్యాన్ని కంఠత చేసేది ఊపిరి కోసం కాదు, దేవుని కోసం. అయినా మెల్లగా పలికితే శరీరం కూడా నెమ్మది పొందుతుంది. నోటిలో ఉన్న వాక్యాన్ని సగం ఊపిరి వదులుతూ, ఆగి, మిగతా సగం మళ్ళీ ఊపిరి వదులుతూ చెప్పి చూడండి.

స్పృహ లేని రోగి మంచం పక్కన ఏమి చేయాలో తెలియక బంధువులు మౌనంగా కూర్చుంటారు. 2020లో కెనడాలో జరిగిన ఒక పరిశోధనలో, మరణానికి దగ్గరగా ఉండి పలకని స్థితిలో ఉన్న కొందరి మెదడు కూడా శబ్దాలకు స్పందించినట్లు కనబడింది. వారికి అర్థం ఎంత అందుతుందో యంత్రం చెప్పలేదు. అయినా తెలిసిన గొంతుతో, తెలిసిన కీర్తన మెల్లగా వినిపించడంలో నష్టమేమీ లేదు. చేయి పట్టుకుని చెప్పండి.

ఎలా మొదలుపెట్టాలి?

1. మీ అవసరానికి తగినది ఎన్నుకోండి. భయానికి కీర్తన 56:3, దిగులుకు ఫిలిప్పీయులకు 4:6-7, దుఃఖానికి కీర్తన 34:18, అలసటకు మత్తయి 11:28, రాత్రి నిద్రకు కీర్తన 4:8.

2. ముందు వచనం చుట్టూ ఉన్న భాగమంతా చదివి అర్థం తెలుసుకోండి. గ్రాంథిక మాట అర్థం కాకపోతే పాస్టరుగారిని అడగండి. అర్థం కానిది త్వరగా జారిపోతుంది.

3. వచనాన్ని రెండు మూడు ముక్కలు చేసి, బిగ్గరగా పలకండి. ఒక కార్డు మీద సొంత చేతితో వ్రాసి వంటగదిలోనో, అద్దం దగ్గరో పెట్టండి.

4. కార్డు మూసి చెప్పండి. తప్పితే చూసుకుని మళ్ళీ చెప్పండి.

5. వారానికి ఒక్క వచనం చాలు. 23వ కీర్తనలో 6 వచనాలే. ఆరు వారాల్లో అది మీ సొంతమవుతుంది. 121వ కీర్తనకు ఎనిమిది వారాలు.

6. చదువు రానివారు ఇంట్లో పిల్లల చేత చదివించుకుని, విని నేర్చుకోవచ్చు. మాట మారితే మనవరాలు దిద్దుతుంది, ఇద్దరికీ వచనం వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

వాక్యం చెప్పుకుంటున్నాము కదా అని బి.పి., షుగరు మాత్రలు మానకండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరును కలవండి. చనిపోవాలనే తలంపు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. అది ఆత్మీయ బలహీనత అని సిగ్గుపడి దాచుకోవద్దు.

ఇంట్లో పెద్దవారు ఇప్పుడే చెప్పిన మాట మరచిపోతున్నా, తెలిసిన దారి తప్పుతున్నా, వయస్సు అని వదిలేయకండి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, డిప్రెషను వల్ల కూడా మరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. అకస్మాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మతిమరుపు జబ్బు ముదిరినవారికి కూడా చిన్ననాటి పాటలు, వాక్యాలు చాలాకాలం మిగిలి ఉండవచ్చు. మీరు మొదలుపెట్టి ఆపండి, కొందరు తామే పూర్తిచేస్తారు. చేయలేకపోతే బలవంతపెట్టకండి.

పిల్లలను వచనం రాలేదని కొట్టకండి, పదిమందిలో చిన్నబుచ్చకండి. దెబ్బతో నేర్చుకున్న వాక్యం గుర్తుకు వచ్చినప్పుడు దెబ్బ కూడా గుర్తుకు వస్తుంది. వచనం మరచిపోయినందుకు పెద్దలు కూడా కలవరపడనవసరం లేదు. మరచినది రెండోసారి నేర్చుకోవడం మొదటిసారికంటే తేలిక. తల్లి తన బిడ్డను మరచినా, దేవుడు మనలను మరువడని యెషయా 49వ అధ్యాయం చదివి ధైర్యం తెచ్చుకోండి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క వచనం ఎన్నుకోండి. రేపు ఉదయం పుస్తకం తెరవకముందే చెప్పి చూడండి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో దాచుకున్నది అనారోగ్యపు రోజుల్లో అక్కరకు వస్తుంది. ప్రభువు మిమ్మును, మీ కుటుంబమును కాపాడునుగాక.