చుక్క చుక్కగా తిరిగొచ్చే రంగు

బొల్లి అంటుకునే జబ్బు కాదు, కుష్ఠు కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే వైద్యుడికి చూపిస్తే రంగు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం ఆ విలువైన కాలమంతా మచ్చను దాచడానికే ఖర్చయిపోతోంది. దేశ రాజధానిలో దశాబ్దాలుగా సాగుతున్న వైద్యకృషి ఆధారంగా ఈ వారం ముఖచిత్ర కథనం.

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి వచ్చేవారిని మథుర దాటాక గోడలు పలకరిస్తాయి. పల్వల్, బల్లభ్‌గఢ్, ఫరీదాబాద్... పట్టాల పక్క గోడలకు సున్నం కొట్టి, దాని మీద బారెడు అక్షరాలతో రాసే ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ‘సఫేద్ దాగ్’. అంటే తెల్ల మచ్చ. కింద ఒక హకీం పేరు, ఒక ఫోన్ నంబరు, ఖాయంగా నయం చేస్తామన్న హామీ.

రైలు దిగి, మెట్రో ఎల్లో లైన్‌లో ఎయిమ్స్ స్టేషన్‌కు చేరుకుంటే అదే మచ్చ గురించి వేరే మాట వినిపిస్తుంది. అక్కడ ‘ఖాయం’ అనే పదం ఉండదు. ఎంతకాలంగా ఉంది, పెరుగుతోందా ఆగిందా, మచ్చలో వెంట్రుకలు నల్లగా ఉన్నాయా తెల్లబడ్డాయా అని అడుగుతారు. నెలల తరబడి ఓపిక పట్టాలని చెబుతారు. గోడ మీది హామీకీ ఆసుపత్రి చెప్పే ఓపికకూ మధ్య ఎన్నో కుటుంబాలు నలుగుతున్నాయి. ఉద్యోగాల కోసం నోయిడాకో గురుగ్రామ్‌కో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లూ అందులో ఉన్నారు.

పేరులోనే పడిన ముద్ర

మనం బొల్లి అంటాం. ఢిల్లీ, పంజాబ్ వైపు ‘ఫుల్‌బహరీ’ అన్న పేరూ ఉంది. అథర్వవేదంలో ‘కిలాసం’గా, ఆయుర్వేద గ్రంథాల్లో ‘శ్విత్రం’గా దీని ప్రస్తావన ఉంది. మనిషికి కొత్త జబ్బేమీ కాదిది. చేటు తెచ్చింది ‘శ్వేతకుష్ఠు’ అన్న పేరు. ఆయుర్వేదంలో కుష్ఠమంటే చర్మవ్యాధులన్నిటికీ కలిపి వాడిన మాట. వాడుకలో అది ఒక్క జబ్బుకే పరిమితమయ్యాక, ఆ జబ్బు మీదున్న భయమంతా బొల్లి మీద వాలింది. కుష్ఠు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. బొల్లికి సూక్ష్మజీవితో సంబంధమే లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా అంటదు.

ప్రపంచ జనాభాలో దాదాపు అర శాతం నుంచి 2 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం జాతీయ రాజధాని ప్రాంతంలో సుమారు 4.6 కోట్ల మంది ఉన్నారు. అర శాతమే అనుకున్నా రెండు లక్షల ముప్పై వేల మంది. ఇంతమంది మన మధ్యే తిరుగుతున్నా కనబడరంటే ఎంత జాగ్రత్తగా దాచుకుంటున్నారో ఊహించండి. నడివేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా, పెళ్లి ఫొటోలో చున్నీ చాటున చెయ్యి, చుట్టాలొస్తే లోపలి గదిలోనే ఉండిపోయే ఆడపిల్ల.

చర్మం లోపల ఏం జరుగుతోంది?

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే రంగు కణాలుంటాయి. ఒక్కో మెలనోసైటు తన చుట్టూ ఉన్న దాదాపు 36 చర్మకణాలకు మెలనిన్ అనే రంగును అందిస్తుంది. తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా అవి తయారుచేసే రంగులోనే.

బొల్లి వచ్చినవారిలో శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే దారి తప్పి మెలనోసైట్లను చంపేస్తాయి. రంగు ఇచ్చేవారు లేక ఆ చోటు పాలలా తెల్లబడుతుంది. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువే. అయినా ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండో వారికీ వచ్చింది 23 శాతం సందర్భాల్లోనే. జన్యువులు పూర్తిగా ఒకటే అయినా నూటికి డెబ్బై ఏడుసార్లు రెండోవారికి రాలేదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ‘వాళ్లింట్లో బొల్లి ఉంది’ అని లేచిపోయేవారు ఈ లెక్క తెలుసుకోవాలి.

పాలూ చేపా కలిపి తింటే వస్తుందని, పులుపు తింటే ముదురుతుందని మన పెద్దలు నమ్మేవారు. దానికి ఆధారం లేదు. ఆ నమ్మకంతో పిల్లలకు నిమ్మ, ఉసిరి మాన్పించడం అన్యాయం. థైరాయిడ్ లోపం మాత్రం బొల్లి ఉన్నవారిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే వైద్యులు ఆ రక్తపరీక్ష చేయిస్తారు.

ప్రతి తెల్లమచ్చా బొల్లి కాదు

బిడ్డ బుగ్గ మీద పాలిపోయిన పొడి మచ్చ కనబడగానే నులిపురుగులనో కాల్షియం లోపమనో మందులు పోస్తారు. ‘పిటిరియాసిస్ ఆల్బా’ అనే ఈ మచ్చలు చాలావరకు వాటంతటవే పోతాయి. మెడ మీద, వీపు మీద పొట్టు రాలే మచ్చలను మనం శోభి అంటాం. అది ఫంగస్. మందు రాస్తే తగ్గుతుంది, రంగు సర్దుకోవడానికి కొంతకాలం పడుతుంది. కుష్ఠు మచ్చ పాలిపోయి ఉంటుందే తప్ప పాలలా తెల్లబడదు. అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. అనుమానం తీరకపోతే వైద్యులు ‘వుడ్స్ ల్యాంప్’ అనే అతినీలలోహిత దీపం కింద చూస్తారు. బొల్లి ఆ వెలుతురులో నీలం కలిసిన తెలుపుగా మెరుస్తుంది.

స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోటే గుండ్రంగా తెల్లబడితే తప్పు బొట్టు జిగురుది కావచ్చు. కొన్ని జిగురుల్లో ఉండే ‘పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్’ రంగు కణాలకు విషం. రబ్బరు చెప్పు పట్టీల కింద, తలకు వేసే రంగు తగిలినచోట ఇలాంటి మచ్చలే వస్తాయి. 2013లో జపాన్‌లో ‘రోడోడెండ్రాల్’ కలిపిన తెల్లబరిచే క్రీములు వేలమంది చర్మాన్ని మచ్చలమయం చేయడంతో కంపెనీ వాటిని వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది ఆ వస్తువు మానేయడం.

ఒరిపిడికి కూడా ఈ జబ్బు లేస్తుంది. లంగా బొందు, సల్వార్ నాడా నడుముకు బిగిసినచోట, దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ పుట్టొచ్చు. బొందు వదులు చేసుకోవడం కూడా వైద్యంలో భాగమే.

ఢిల్లీ ఏం చేసింది?

బొల్లి వైద్యంలో ఈ నగరానికి ప్రత్యేక స్థానముంది. చర్మవైద్యుడు పి.ఎన్. బెహల్ 1964లోనే అతి పలుచని చర్మపు పొరను మచ్చ మీద అతికించే పద్ధతి గురించి ప్రచురించారు. ఆయన స్థాపించిన స్కిన్ ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ కైలాష్‌లో ఉంది.

ఎయిమ్స్ జీవరసాయన విభాగంలో ఎ. రామయ్య బృందం బొల్లి ఉన్నవారి మెలనోసైట్లను గాజు పాత్రల్లో పెంచి చూసి, అవి మామూలు కణాల్లా ఎదగలేకపోతున్నాయని 1987లో వెల్లడించింది. చుట్టుపక్కల కణాలిచ్చే వృద్ధి కారకాలు అందితే ఆ లోపం కొంత సర్దుకుంటుందని రెండేళ్ల తర్వాత చూపింది. అలాంటి ఒక వృద్ధి కారకం ఆధారంగా పది అమైనో ఆమ్లాల గొలుసుతో చేసిన ద్రావణం తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని ఇసార్ ఫార్మాస్యూటికల్స్ నుంచి మందుగా వచ్చింది.

అదే ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రీచా, బినోద్ ఖైతాన్ ‘ఓరల్ మినీ పల్స్’ పద్ధతిని 1993లో ప్రచురించారు. మచ్చలు వేగంగా పాకుతున్నవారికి స్టెరాయిడ్‌ను రోజూ కాకుండా వారంలో వరుసగా రెండు రోజులే ఇస్తారు. దుష్ప్రభావాలు తగ్గించి వ్యాప్తికి కళ్లెం వేయాలన్నది ఆలోచన. ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. సొంతంగా మాత్రం వేసుకోకూడదు. ఎయిమ్స్‌కే చెందిన సోమేష్ గుప్తా బొల్లి శస్త్రచికిత్సలపై 2007లో వెలువడిన అంతర్జాతీయ గ్రంథానికి సంపాదకుల్లో ఒకరు. ఢిల్లీలోనే ఉన్న సీఎస్‌ఐఆర్ సంస్థ ఐజీఐబీలో రంగు కణాల జీవశాస్త్రంపై పరిశోధన సాగుతోంది.

రంగు ఎలా తిరిగొస్తుంది?

తొలిమెట్టు పూత మందులు: స్టెరాయిడ్ క్రీములు, ముఖం, కనురెప్పల వంటి సున్నితమైన చోట్ల టాక్రోలిమస్. రెండోది వెలుతురు. 311 నానోమీటర్ల దగ్గర ఉండే నారోబ్యాండ్ యూవీబీ కిరణాలతో బొల్లికి చికిత్స చేయవచ్చని 1997లో నెదర్లాండ్స్ వైద్యులు చూపారు. వారానికి రెండు మూడుసార్లు, దీపాలు అమర్చిన పెట్టెలో కొన్ని నిమిషాలు నిలబడాలి.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. పలు అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం ఆరు నెలల యూవీబీ చికిత్స తర్వాత 75 శాతానికి పైగా రంగు తిరిగొచ్చినవారు నూటికి 19 మంది. ఏడాది కొనసాగించిన వారిలో 36 మంది. ముఖం, మెడ బాగా స్పందిస్తాయి. చేతివేళ్లు, పాదాలు మొండికేస్తాయి. రెండు నెలలు చూసి ‘పనిచేయలేదు’ అని మానేసినవారు అసలు చికిత్స మొదలుపెట్టనట్టే లెక్క.

రంగు తిరిగొచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. వెంట్రుక కుదురులో మెలనోసైట్ల విత్తనం దాగి ఉంటుంది. కిరణాలు సోకితే అక్కడి నుంచి కణాలు పైకి పాకుతాయి. తెల్లటి మచ్చలో ఒక గోధుమ చుక్క, పక్కన మరొకటి. సంక్రాంతి ముగ్గుకు ముందు చుక్కలు పెట్టినట్టు. నెలలు గడిచేకొద్దీ చుక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మచ్చలో వెంట్రుకలు తెల్లబడితే ఆ విత్తనం నశించినట్టే. వెంట్రుకలే లేని వేలికొనలు, పెదవులు మొండికేయడానికీ కారణం ఇదే. మచ్చ కొత్తగా ఉండి, వెంట్రుక ఇంకా నల్లగా ఉన్నప్పుడే మందు మొదలుపెట్టాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. మనం మచ్చను దాచేది కూడా సరిగ్గా అప్పుడే.

ఏడాదిపాటు కొత్త మచ్చలు రాకుండా స్థిరపడ్డవారికి శస్త్రచికిత్స దారి ఉంది. తొడ మీంచి పలుచని చర్మం తీసి, ఎంజైముతో కణాలను విడదీసి, ఆ ద్రవాన్ని గీరి సిద్ధం చేసిన మచ్చ మీద పరుస్తారు. తీసిన చర్మానికి పదింతల మేర వరకు దానితో కప్పవచ్చు. శరీరంలో ఒకవైపే వచ్చి ఆగిపోయే బొల్లికి ఇది బాగా నప్పుతుంది.

కొత్త ఆశ జాక్ నిరోధకాలనే మందులు. 2022 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 12 ఏళ్లు నిండినవారికి ఆ కోవకే చెందిన రుక్సోలిటినిబ్ క్రీమును ఆమోదించింది. ప్రయోగాల్లో ఆరు నెలలు వాడినవారిలో సుమారు 30 శాతం మందికి, ఏడాది వాడినవారిలో సగం మందికి ముఖం మీద ముప్పాతిక వంతు రంగు తిరిగొచ్చింది.

చికిత్స ఆపాక తొలి ఏడాదిలోనే మచ్చ మళ్లీ రావచ్చు. రంగు వచ్చిన చోట వారానికి రెండుసార్లు టాక్రోలిమస్ రాస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

గోడ మీది హామీ నేరం

ఎండ, మొక్క కలిస్తే రంగు వస్తుందన్న సంగతి మన పూర్వులకు తెలుసు. బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజల్లో సొరాలెన్ ఉంటుంది. 1940ల్లో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్టీ శుద్ధి చేసిన అదే జాతి రసాయనాన్ని బొల్లికి వాడారు. ఆధునిక కాంతి చికిత్సకు అది తొలి అడుగు. కానీ మోతాదు తెలియకుండా బావంచాల ముద్ద రాసుకుని ఢిల్లీ మే నెల ఎండలో నిలబడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. కాలినచోట కొత్త మచ్చ పుట్టే ప్రమాదమూ ఉంది.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో ‘ల్యూకోడెర్మా’ పేరు స్పష్టంగా ఉంది. దీన్ని నయం చేస్తామని ప్రజలకు ప్రకటన ఇవ్వడం నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ఇన్నేళ్లుగా చట్టం ఉన్నా గోడల మీద సున్నం ఆరడం లేదు. ఆ గోడల దగ్గర పోయే డబ్బుకన్నా విలువైనది పోయే కాలం. అక్కడ తిరిగి తిరిగి రెండేళ్ల తర్వాత ఆసుపత్రికి వచ్చేసరికి మచ్చలో వెంట్రుకలు తెల్లబడి ఉంటాయి.

ఇంట్లో మొదలవ్వాల్సిన వైద్యం

మైకేల్ జాక్సన్ తనకు బొల్లి ఉందని 1993లో టీవీ ముఖాముఖిలో చెప్పేదాకా లోకం ఆయన తెల్లబడ్డాడని వెక్కిరించింది. ఆయన కన్నుమూసిన జూన్ 25నే ప్రపంచ బొల్లి దినంగా జరుపుకుంటున్నారు. అంత పేరున్న మనిషికే నోరు విప్పడానికి అన్నేళ్లు పట్టింది. ఇంటర్ చదివే పిల్ల సంగతి చెప్పాలా?

రంగు పూర్తిగా రానివారూ ఉంటారు. వారికి వైద్యం ఓడిందని కాదు, బతుకు ఓడిందనీ కాదు. ఆ తెల్లచర్మానికి ఎండ నుంచి కాపు కావాలి, మనిషికి మనుషుల మధ్య చోటు కావాలి. బిడ్డ మోచేతి మీద మొదటి తెల్లచుక్క చూసిన తల్లి కొంగుతో కప్పకుండా, ఆ చేయి పట్టుకుని చర్మవైద్యుడి దగ్గరకు నడిస్తే చాలు. వెంట్రుక కుదుట్లో విత్తనం ఇంకా బతికే ఉంటుంది.

గుర్తుంచుకోండి

• కొత్త తెల్లమచ్చ కనిపిస్తే సొంత పేరు పెట్టకుండా చర్మవైద్యుడికి చూపించండి.
• నెలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీయండి. మచ్చ పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది.
• కనీసం ఆరు నెలల వరకు చికిత్స ఆపొద్దు.
• స్టిక్కర్ బొట్టు, చెప్పు పట్టీ, బిగుతు బొందు కింద మచ్చ వస్తే వాటిని మార్చండి.
• మచ్చలున్నచోట ఎండ కాపు క్రీము వాడండి.
• ‘ఖాయంగా నయం’ అన్న ప్రకటన కనిపిస్తే దూరం జరగండి.