పద్దెనిమిది దాటిన పిల్లలు, సగంలో ఆగిన పనులు



పన్నెండో తరగతి అయిపోయి ఏడాదో రెండేళ్లో గడిచాక కొందరు తల్లిదండ్రులు మళ్లీ బడికి వస్తుంటారు. మార్కుల పట్టీ నకలు కోసమనో, టి.సి. కోసమనో వస్తారు గానీ కాసేపు కూర్చున్నాక అసలు మాట బయటికొస్తుంది. "వీడు ఏదీ పూర్తిగా చెయ్యడు సార్. ముందు గిటారు అన్నాడు. తరవాత గ్రూప్ ఫోర్ అన్నాడు. ఇప్పుడు యూట్యూబ్ అంటాడు. మీరన్నా చెప్పండి." హోసూరు చుట్టుపక్కల ఏ ఊరి నుంచి వచ్చినా, తండ్రి సిప్కాట్‌లో పనిచేసినా గులాబీ తోట పెట్టుకున్నా, మాట మాత్రం దాదాపు ఇదే.

అట్లాంటి ఒక ఇంట్లో ఏముంటుందో చూద్దాం. ఒక తీగ తెగిన గిటారు గోడకు ఆనించి ఉంటుంది. గ్రూప్ ఫోర్ గైడు ఉంటుంది, మొదటి నలభై పేజీలు ఎర్ర సిరాతో గీతలు, ఆ పైన కొత్త పుస్తకం మాదిరే. సెల్‌ఫోను నిలబెట్టే స్టాండు ఒకటి. బీరువాలో గడువు తీరిన ఎల్.ఎల్.ఆర్. కాగితం. టెన్నిస్ బంతి క్రికెట్ బ్యాటు ఒక్కటే రోజూ బయటికి పోయి వస్తూ ఉంటుంది. తండ్రి వీటన్నిటినీ కలిపి "దండగ" అనే ఒక్క మాటతో కొట్టేస్తాడు. పిల్లోడు కూడా లోపల అదే అనుకుంటాడు, తాను దేనికీ పనికిరానని. ఈ ఐదు వస్తువులూ ఒక జాతివి కావు. వాటిని వేరు చేసి చూడటం గురించే ఈ నాలుగు మాటలు.

బ్యాటు, గిటారు సరదాలు. సరదాకు పూర్తి కావడం అనేది ఉండదు. ఆరు నెలలు గిటారు వాయించి మానేసినవాడు ఏ నేరమూ చెయ్యలేదు. మన పెద్దవాళ్లు భజనలో తాళం వేశారు, కోలాటం ఆడారు, చంద్రచూడేశ్వర స్వామి తేరుకు పూలు కట్టారు. "దీంట్లో నీకు సర్టిఫికెట్ ఉందా, నెలకు ఎంత వస్తుంది" అని వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం. సగం ఆ అడగడం ఫోను నేర్పింది. బొమ్మ గీస్తే అమ్మాలి, వంట చేస్తే వీడియో తియ్యాలి, పాట పాడితే చందాదారులు పెరగాలి. దీనివల్ల పిల్లలు సరదాను కూడా పరీక్ష మాదిరి మొదలుపెట్టి, మూడు వారాల్లో 'ఫెయిల్' అయి వదిలేస్తున్నారు. సరదా విషయంలో తల్లిదండ్రులు చూడాల్సింది వేరే. నిద్ర చెడుతోందా? కాలేజీ హాజరు 75 శాతం కిందికి పోతోందా? అప్పు చేస్తున్నాడా? ఈ మూడూ లేకపోతే ఆడుకోనివ్వండి.

ఒక చిన్న పక్కమాట. మన పిల్లల్లో కొందరు ఫోనులో తెలుగు కథలూ పాటలూ రాస్తారు, ఇంగ్లీషు అక్షరాలతో. ఒక పాత విద్యార్థి నాకు అట్లా ఆరు పేజీలు పంపించాడు. మా వైపు మాట, 'వస్తా ఉండాడు', 'చెప్తా ఉండాది' అని ఎంత బాగా పట్టాడో! ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఒత్తులు తప్పినా ఫరవాలేదు, తెలుగు లిపిలో రాయండి.

ఇక గైడు, ఎల్.ఎల్.ఆర్. ఇవి సరదాలు కావు, పథకాలు. పథకానికి తారీఖు ఉంటుంది. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్న 30 రోజుల తరవాత లైసెన్సు పరీక్షకు పోవచ్చు. ఆరు నెలలు దాటితే ఆ కాగితం చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రుసుము, స్లాటు, ఒక రోజు పని పోగొట్టుకోవడం. అంటే ఈ పని చెయ్యడానికి అయిదు నెలల కిటికీ ఉంది. గిటారుకు ఇట్లాంటి కిటికీ లేదు. ఇంట్లో రెండింటినీ ఒకే గొంతుతో తిట్టడం వల్ల జరిగే నష్టం ఇదే. గిటారు గురించి అరిచి అరిచి, ఎల్.ఎల్.ఆర్. తారీఖు ఎవరూ చూడరు.

టైప్‌రైటింగ్ కూడా ఇంతే. తమిళనాడులో ఈ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. నాలుగు నెలలు పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, వేళ్లు కుదిరాక, పరీక్ష దరఖాస్తు దగ్గర ఆగిపోయిన అమ్మాయిలు నాకు తెలుసు. వచ్చిన విద్య చేతుల్లోనే ఉంది, కాగితం మాత్రం లేదు. గ్రూప్ ఫోర్‌లో టైపిస్టు ఉద్యోగానికి ఆ కాగితమే అడుగుతారు. ఇట్లాంటి పని సగంలో ఆగలేదు, తొంభై పాళ్లు అయిపోయి ఆగింది. ముందు దాన్ని ముగించడం తేలిక.

గ్రూప్ ఫోర్ గురించి కొంచెం విడమరచి చెప్పాలి. మన తెలుగు మాధ్యమం పిల్లలు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. ఈ పరీక్షకు పదో తరగతి చదువు చాలు కాబట్టి అందరూ ధైర్యంగా మొదలుపెడతారు. అయితే 2021లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు తరవాత ప్రశ్నపత్రంలో మొదటి భాగం తమిళ అర్హత పరీక్ష. 100 ప్రశ్నలు, 150 మార్కులు. అందులో 40 శాతం, అంటే 60 మార్కులు, రాకపోతే మిగతా సగం ఎంత బాగా రాసినా దిద్దరు. స్థాయి పదో తరగతి తమిళం. మన పిల్లలకు తమిళం మాట్లాడటం నీళ్లు తాగినంత తేలిక, బజారులో, బస్సులో అదే. కానీ వ్యాకరణం, పాత పద్యాలు, రచయితల పేర్లు చదివినవాళ్లు తక్కువ. తమిళ మాధ్యమంలో చదివినవారికి ఉన్న 20 శాతం కోటా కూడా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు వర్తించదు.

కాబట్టి మనవాళ్ల ఇంట్లో ఆ గైడు నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతే, అది బద్ధకం కాకపోవచ్చు. తమిళ వ్యాకరణం మొదలైన పేజీ అదేనేమో చూడండి. అయితే మందు కూడా అక్కడే ఉంది. గైడు పక్కన పెట్టి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రభుత్వ తమిళ పాఠ్యపుస్తకాలు వరుసగా చదవాలి. రోజుకు ఒక గంట. ఇప్పుడు పదకొండులో ఉన్న పిల్లలు ఈ పని ఈ ఏడాదే మొదలుపెడితే, పద్దెనిమిది వచ్చి దరఖాస్తు పెట్టేనాటికి ఆ భయం ఉండదు. తెలుగు మీద ప్రేమకూ దీనికీ పోట్లాట లేదు. ఇంటి భాష నిలుపుకోవడం మన పని, ఉన్న రాష్ట్రం భాషలో పరీక్ష రాయగలగడమూ మన పనే.

మూడో రకం కోరిక. "ఏదో పెద్దది చెయ్యాలి సార్" అంటారు, ఏమిటని అడిగితే చెప్పలేరు. నలభై కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు ఉంది. ఎలక్ట్రానిక్ సిటీ అద్దాల మేడలు చూసి వచ్చిన రాత్రి ఈ కోరిక ఎక్కువవుతుంది. ఇది చెడ్డది కాదు. కానీ కోరికకు ఇంకా దారి లేదు, తారీఖు లేదు. దాన్ని పథకం అనుకుని డబ్బు కట్టేస్తే ఇబ్బంది. పెద్ద పెద్ద ప్రకటనలిచ్చే ఒక కోచింగ్ సెంటరులో ఏడాది రుసుమంతా ముందే కట్టి, రెండో నెల మానేసిన పిల్లలు ప్రతి ఏడూ కనబడతారు. నా సలహా ఏమంటే, అట్లాంటి చోట ముందు ఒక నెల మాత్రమే కట్టండి. నెలకు కట్టించుకోము అంటే వేరే చోటు చూడండి. వాట్సాప్‌లో మాట ఇచ్చారని నమ్మవద్దు, రసీదు తీసుకోండి.

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పిల్లలు విన్నారో లేదో. 1895లో భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయారు, కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని. తల్లి వెనక్కి తెప్పించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. రామకృష్ణ మిషన్‌లో సన్యాసం తీసుకోవాలనుకున్నారు, అదీ జరగలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో అమెరికా పోయారు. అక్కడ చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. తరవాత లెడర్లే కంపెనీలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే.

ఈ కథ చెప్పి "చూశావా, పరీక్ష తప్పినా ఫరవాలేదు" అనడం నాకిష్టం లేదు. రెండుసార్లు తప్పినవాళ్లందరూ సుబ్బారావులు కారు. ఇరవై ఏళ్లప్పుడు ఆయన్ని చూసినవాళ్లకు కూడా ఏదీ నిలకడగా చెయ్యని కుర్రాడే కనబడి ఉంటాడు. కానీ లోపల ఒకటి నిలబడింది. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. మీ పిల్లోడు వదిలేసిన పనుల్ని ఒక కాగితం మీద రాసి చూడండి. అన్నిట్లో మళ్లీ మళ్లీ వస్తున్నది ఏదైనా ఉందా? క్రికెట్ టోర్నమెంటుకు పోస్టరు గీశాడు, చెల్లెలి పెళ్లి పత్రిక డిజైన్ చేశాడు, యూట్యూబ్‌లో మాట్లాడటం మానేసినా ఎడిటింగ్ మానలేదు. అంటే చేతికి అబ్బినది అది. మూడు ఓటములు కావవి, ఒకే పనికి మూడు మొదళ్లు. పక్కింట్లో ఏ ఫోటో స్టూడియో, ఏ ఫ్లెక్సు ప్రింటింగ్ షాపు ఉందో అక్కడ రెండు నెలలు కూర్చోబెట్టి చూడండి.

చేతిపని ఇష్టపడేవాళ్లకు ఐ.టి.ఐ. ఉందని మరిచిపోతున్నాం. ఫిట్టరు, ఎలక్ట్రీషియను రెండేళ్లు, వెల్డరు ఒక ఏడాది. ఐ.టి.ఐ. అయినవాళ్లు డిప్లొమా రెండో సంవత్సరంలో, డిప్లొమా అయినవాళ్లు బి.ఇ. రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది. డిగ్రీ వదిలేసిన పిల్లోడికి ఇది చిన్నతనం అని ఇంట్లో అంటే, అడ్డం మనమే.

ఇప్పటిదాకా 'పిల్లోడు' అనే రాస్తూ వచ్చాను. కారణం ఉంది. కూతురు ఏదీ పూర్తి చెయ్యదని ఫిర్యాదు చెయ్యడానికి మా బడికి ఎవరూ రారు. అమ్మాయిల పనులు కూడా సగంలో ఆగుతాయి, కానీ వాళ్లంతట వాళ్లు ఆపినవి తక్కువ. బస్సు లేదని, చీకటి పడుతుందని, సంబంధం వచ్చిందని మనం ఆపినవే ఎక్కువ. రెండో సంవత్సరం బి.కాం.లో పెళ్లి చేసి, "తరవాత కడుతుందిలే" అంటారు. కట్టినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన ఆడపిల్లలకు, కాలేజీలో చేరితే నెలకు 1,000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో మొదలైంది. వివరాలు కాలేజీ ఆఫీసులో అడగండి. డిగ్రీకి ఇంకో ఏడాదే ఉందంటే ఆ ఏడాది ఆగమని పెళ్లివారిని అడగడంలో తప్పు లేదు. అడిగిన చోట చాలామంది ఒప్పుకోవడం నేను చూశాను.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యవద్దు. అరియర్స్ దాచిపెట్టడం. మూడు సబ్జెక్టులు పోయినవాడు ఇంట్లో ఒకటే అంటాడు, తరవాత అది ఏడవుతుంది, తరవాత కాలేజీకని బయల్దేరి బస్టాండులో కూర్చుంటాడు. కొత్త కొత్త పథకాలు గబగబా మారుస్తున్నాడంటే ఒక్కోసారి వెనక ఇదే ఉంటుంది. మార్కుల కాగితం చూపించమని బెదిరించే ముందు, "ఎన్ని పోయినా సరే, లెక్క చెప్పు, ఏ సెమిస్టరులో ఏది కట్టాలో కలిసి చూద్దాం" అనండి. తిండి తగ్గి, నిద్ర పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే దాన్ని బద్ధకం అనుకోకండి. 14416 టెలి మానస్ నంబరు. ఉచితం, భాష ఎంచుకునే వీలుంది, పిల్లలే నేరుగా ఫోను చేసుకోవచ్చు.

ఇంట్లో ఒక పాత నోటుపుస్తకం తీసుకుని, పిల్లలతోనే రాయించండి. ఏది మొదలుపెట్టాను, ఎంత ఖర్చయింది, ఏం వచ్చింది, తారీఖు ఉందా. తారీఖు ఉన్నవాటిలో ఒకటి మాత్రం ఎంచుకుని ఈ మూడు నెలల్లో ముగించాలి. రెండు వద్దు. మిగతావి అట్లాగే ఉండనివ్వండి, గిటారుతో సహా.

తమిళ పాఠ్యపుస్తకాలు మా గ్రంథాలయంలో ఉన్నాయి. పాత విద్యార్థులు శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపోవచ్చు. టైప్‌రైటింగ్ దరఖాస్తుకు, ఐ.టి.ఐ. ప్రవేశానికి మార్కుల పట్టీ, టి.సి. నకళ్లు కావలసినవాళ్లు రెండు రోజుల ముందు ఆఫీసులో పేరు, చదివిన సంవత్సరం రాసి ఇవ్వండి.

— ప్రధానోపాధ్యాయుడు