చాటింపు చేరని గడపలు

జహీరాబాద్ ప్రాంతంలోని రాయికోడ్ మంజీర పరీవాహకంలో ఉంది. ఎగువన కర్ణాటకలో వానలు దంచికొడితే నది పొంగుతుంది, దిగువన 29.91 టీఎంసీల సింగూరు జలాశయం నిండుతుంది. వరదల మాట అటుంచితే, రెండు రోజులు ముసురు పట్టినా నానిన మట్టిగోడ కూలుతుంది. అలాంటి రాత్రి మైకులో తెలుగులో హెచ్చరిక చేస్తే సరిపోతుందా? ఈ ప్రాంతంలో తండాల్లో లంబాడీ, కొన్ని ఇళ్లలో ఉర్దూ, కన్నడ మాట్లాడతారు. వినపడని మనిషికైతే ఏ భాషలో చాటినా ఒకటే.

వికలాంగుల హక్కుల చట్టం (2016) 8వ సెక్షన్ ఇలాంటివారిని హెచ్చరించే పనిని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అప్పగించింది. జిల్లాలోని వికలాంగుల వివరాలు అది నమోదు చేసి ఉంచాలి, ముప్పు ఉంటే వాళ్లకు తెలిసేలా చూడాలి. సగం జాబితా ఇప్పటికే ఉంది: సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్లు, పింఛను పేర్లు. వైకల్యం ఎంత శాతమో వాటిలో దొరుకుతుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, అర్ధరాత్రి ఎవరు వచ్చి ఎత్తుతారు అన్నవి దొరకవు. నన్నడిగితే ఆ రెండే అసలైనవి.

మంచం పట్టిన మనిషిని మోయడానికి ఇద్దరు కావాలి. అందులో ఒకరు కూలికి హైదరాబాద్ వెళ్లి ఉండొచ్చు, కాబట్టి మూడో పేరూ రాసుకోవాలి. వినపడనివారిని టార్చి వేసో, భుజం తట్టో లేపాలి. చూపులేనివారిని చెయ్యి పట్టి లాక్కెళ్లకూడదు. మన మోచెయ్యి వాళ్లకు అందించి, ముందు మనం నడవాలి. వాళ్లకు కొట్టినపిండైన దారి కూడా నీళ్లు నిండితే కొత్త దారే. సదరం కాగితం, మూర్ఛ మందుల్లాంటివి ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి, చేతికందే ఎత్తులో మేకుకు తగిలించాలి. బ్యాటరీ బండికి ముసురు పట్టకముందే చార్జింగ్ పెట్టుకోవాలి, కరెంటు ముందు పోయేది ఆ రోజే మరి.

జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో 2008 నుంచి పల్లె మహిళలే సంఘం రేడియో నడుపుతున్నారు. హెచ్చరిక అలాంటి గొంతుతోనే రావాలి, ఇంటి యాసలో చెప్పిన మాటను జనం నమ్ముతారు. సర్కారు భాషలో చెబితే, ‘చూద్దాంలే’ అని మళ్లీ పడుకుంటారు. ఫోన్లకు ఇప్పుడు మోగుతూ, అదురుతూ అత్యవసర సందేశాలు వస్తున్నాయి కానీ, చదువు రానివారికి అదురు తెలుస్తుంది తప్ప అందులో ఏముందో తెలియకపోవచ్చు.

ఇంటి భాష, ఎత్తేవాళ్ల పేర్లు అడగడానికి వేరే సభ పెట్టనక్కర్లేదు. పింఛన్లిచ్చే రోజు పోస్టాఫీసు దగ్గర ఎలాగూ చాలామంది కూర్చునే ఉంటారు. లంబాడీ, ఉర్దూ, కన్నడ వచ్చినవాళ్లను పక్కన పెట్టుకుని అక్కడే రాసుకోవచ్చు. అక్కడికి రాలేనివాళ్ల ఇళ్లకు మాత్రం మనమే వెళ్లాలి, ఎత్తాల్సి వచ్చేది ముందు వాళ్లనే.