చీలమండకు పట్టీల కట్టు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారములలో పనిచేయువారికి కాలు బెణుకుట క్రొత్త సంగతి కాదు. లారీ నుండి బస్తాతో దిగునప్పుడు చివరి మెట్టు తప్పును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చునప్పుడు రోడ్డు అంచున కంకర మీద అడుగు పడును. సంగారెడ్డి పాఠశాలల ఆటస్థలములలో కబడ్డీ, వాలీబాల్ ఆడు బాలబాలికలకును ఇదే అనుభవము. పసుపు, సున్నము పట్టువేసి నాలుగు రోజులు కుంటి, వాపు తీయగానే మరల పనికో ఆటకో పోవుట మన అలవాటు. అయితే ఒకసారి బెణికిన కాలు మరల మరల అచ్చటనే బెణుకుచుండుట చాలామంది ఎరిగినదే. రోజుకూలి మీద బ్రతుకు మనిషికి ఇది చిన్న నష్టము కాదు.

ఇట్లేల జరుగును? మీ చీలమండను తడవి చూడుడు. రెండు ప్రక్కల రెండు ఎముకల గుబ్బలు చేతికి తగులును. లోపలిది టిబియా ఎముక కొన, వెలుపలిది సన్నని ఫిబ్యులా ఎముక కొన. ఈ రెండును కలిసి వడ్రంగి తీసిన గాడివలె ఏర్పడగా, టేలస్ అను ఎముక ఆ గాడిలో అమరియుండును. టేలస్ ముందు భాగము వెడల్పు, వెనుక భాగము ఇరుకు. పాదము నేలపై సమముగా ఆనినప్పుడు వెడల్పు భాగము గాడిలో బిగిసియుండును. మునివేళ్ళపై లేచినను, మెట్టు దిగుటకు వేళ్ళు క్రిందికి చాచినను ఇరుకు భాగము గాడిలోనికి వచ్చి కీలు వదులగును. ఎగిరి దిగునప్పుడు, మెట్టు తప్పినప్పుడు పాదము ఉండునది సరిగా ఆ స్థితిలోనే.

ఎముకను ఎముకతో కట్టు త్రాళ్ళవంటివి సంధి బంధనములు. వైద్యులు వీనిని లిగమెంట్లందురు. లోపలి వైపు బంధనము వెడల్పైనది, బలమైనది. వెలుపలి వైపున మూడు వేర్వేరు బంధనములు కలవు. వానిలో ముందున్నది మిక్కిలి బలహీనము. అరికాలు లోపలికి తిరుగునట్లు పాదము మెలిబడినప్పుడు మొదట సాగునది, తెగునది అదియే.

కండరములు దీనిని ఆపలేవా యని విద్యార్థి అడుగవచ్చును. పిక్కకు వెలుపలి ప్రక్కనున్న పెరోనియల్ కండరములు చేయవలసిన పని అదియే. కాని పాదము మెలిబడుచున్నదను వార్త నాడుల ద్వారా పోయి, కండరము చలించుటకు సెకనులో సుమారు 60 నుండి 80 వేయవవంతుల కాలము పట్టును. అంతలో శరీరభారము పాదముపై పడియే యుండును. 60 కిలోల మనిషి బరువు కీలు ఇరుసునకు 3 సెంటీమీటర్లు ప్రక్కగా పోయినదనుకొందము. మెలిత్రిప్పు 180 కిలో-సెంటీమీటర్లు. ఇరుసునకు 5 సెంటీమీటర్ల దూరముననున్న పట్టీ దీనిని ఆపవలెనన్న 36 కిలోల బిగువు వహింపవలెను. పట్టీ లేనప్పుడు ఈ భారము సన్నని బంధనముపై పడును.

యాంకిల్ బ్రేస్ అను సాధనము చేయునది ఆ భారమును పంచుకొనుటయే. ఇది లేసులతో బిగించు గుడ్డ తొడుగు. దానికి రెండు పట్టీలుండును. ఒకటి లోపలి ప్రక్కనుండి అరికాలి క్రిందుగా వచ్చి వెలుపలి ప్రక్కన పైకి లాగబడును. రెండవది ఎదురు దిక్కున చుట్టును. రెండును కలిసి 8 అంకెవలె కనబడును. పాదము పైకి క్రిందికి ఆడును గాని ప్రక్కలకు ఎక్కువగా తిరుగదు. మందుల దుకాణములో దొరకు సాగెడు మేజోడుకు ఈ శక్తి లేదు. అది వాపును కొంత అణచును, అంతే. అంటుపట్టీ కట్టు కూడ ఆటలో త్వరగా వదులగును. 10 నిమిషముల వ్యాయామముతో దాని ఆధారము సుమారు 40 శాతము తగ్గినట్లు 1962లోనే కొలిచి చూపిరి. బ్రేసునైతే ఆట నడుమ మరల బిగించుకొనవచ్చును.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 1,460 మంది ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై జరిపిన పరిశీలన 2011లో వెలువడినది. ప్రతి వేయి ఆటలకు, సాధనలకు కలిపి, బ్రేసు లేనివారిలో 1.41 చీలమండ గాయములు, ఉన్నవారిలో 0.47 మాత్రమే కలిగినవి. అయితే జరిగిన గాయముల తీవ్రత తగ్గలేదు. బ్రేసు గాయముల సంఖ్యను తగ్గించునే గాని, తగిలిన దెబ్బను మెత్తపరచదని గ్రహింపవలెను.

గాయము తరువాతి సంగతి వేరు. బ్రిటనులో తీవ్రముగా బెణికిన 584 మందిపై జరిగిన పరీక్ష 2009లో ప్రకటింపబడినది. మూడు నెలల నాటికి 10 దినముల సిమెంటు కట్టు వేసినవారు అందరికన్న బాగుగా కోలుకొనిరి. గట్టి ప్రక్కలుగల బ్రేసు ధరించినవారి కాలి పనితనము కూడ సాగెడు గొట్టపు కట్టువారికన్న మెరుగుగా నుండెను. తొమ్మిది నెలలకు అందరును సమానమైరి. తొమ్మిది నెలలు కుంటుచు పనిచేయగల కూలి ఎవరు? మొదటి మూడు నెలలే మనకు ముఖ్యము.

పాదమునకు ఆధారమిచ్చు సాధనముల చరిత్రలో హైదరాబాదుకొక స్థానము కలదు. 1989లో మొదట ప్రయోగింపబడిన అగ్ని క్షిపణికై రూపొందించిన తేలిక పదార్థమును నిజాం వైద్య విజ్ఞాన సంస్థ శస్త్రవైద్యుడొకరు చేతబట్టి చూచి, అబ్దుల్ కలాంను తమ ఆసుపత్రికి తోడ్కొనిపోయిరి. అచ్చట పిల్లలు మూడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుచు నడచుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల సాధనము సిద్ధమైనదని కలాం చెప్పియున్నారు. అది బెణుకులకు కాదు, శక్తి తగ్గిన కాళ్ళకు. అయినను, కాలికి ఆధారమిచ్చునది బరువు కారాదను సూత్రము రెంటికిని ఒకటే.

బెణికిన ప్రతి కాలికిని బ్రేసు తొడుగరాదు. ముందు ఎముక విరిగినదేమో చూడవలెను. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు చెప్పిన గురుతులను వ్యాయామోపాధ్యాయుడు సులభముగా నేర్వవచ్చును. చీలమండ గుబ్బల వెనుక అంచునగాని కొనపైగాని, పాదము నడుమ లోపలి అంచు ఎముకపైగాని, చిటికెనవేలి ఎముక మొదటగాని నొక్కినచో నొప్పియున్నను, లేదా నాలుగడుగులు వేయలేకపోయినను ఎక్స్‌రే తీయింపవలెను. కాలు లాగి సరిచేయు ప్రయత్నము పనికిరాదు.

వాపు తగ్గినపిమ్మట ఒంటికాలిపై నిలుచు సాధన ప్రతిదినము చేయవలెను. మొదట గోడ పట్టుకొని, పిమ్మట విడిచి. బ్రేసును మేజోడుపై తొడుగవలెను. వ్రేళ్ళు తిమ్మిరెక్కినను, నీలమైనను వెంటనే వదులు చేయవలెను. కర్మాగారమునకు పోవువారు బ్రేసు కొనునప్పుడు తమ సేఫ్టీ బూటును వెంట తీసికొనిపోయి, రెండును కలిపి తొడిగి, నాలుగు మెట్లు దిగి చూచుకొనుట మంచిది.