మెత్తబడిన గొట్టము

రోళ్లను సయితము పగులగొట్టునని పేరుపడిన రోహిణికార్తెలో, విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిమీద, నందిగామ దాటి కొంతదూరము పోయితిమో లేదో, మా పాత మారుతి 800 ముందుభాగమునుండి తెల్లని ఆవిరి లేచి అద్దమును కప్పివేసెను. వేడిని జూపు ముల్లు ఎప్పుడో ఎఱ్ఱగీతను దాటియుండెను గాని, మాటలలో మునిగిన నేను దానిని గమనింపనైతిని. బండినొక తుమ్మచెట్టు నీడకు జేర్చి, బానెట్టునెత్తి, చేతిరుమాలు మడతపెట్టి రేడియేటరు మూతపై చేయి వేయబోవుచుండగా, ఎదుటి పంక్చరు దుకాణమతడు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకొనెను. "అయ్యగారూ, ఇప్పుడు దాన్ని ముట్టుకోకండి. కుక్కరు లాంటిదండీ అది. చల్లారేదాకా కూర్చోండి" అనెను.

అతని ఉపమానము అక్షరాల సత్యము. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి ద్రవమును వాతావరణపీడనమునకు ఇంచుమించు రెట్టింపు పీడనమున బంధించియుంచును. అట్టి పీడనమున నీరు 100 డిగ్రీలకు గాక 120 డిగ్రీల దాపునగాని మరుగదు. వంటయింటి కుక్కరులో పప్పు త్వరగా నుడుకుటకును కారణమిదియే. మూత తెరచిన క్షణమున పీడనము పడిపోవును గావున, అంతవఱకు మరుగక నిలిచిన వేడినీరు ఒక్కపెట్టున పొంగి, ఆవిరితోగూడి తెరచినవాని ముఖముమీదికి లేచును.

ఆదిలో ఈ బంధనమేమియు లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రాల బండిలో ఇంజనును చల్లబరచు నీరు మరగి గాలిలో గలిసిపోవుచుండెడిది. 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు జెప్పకయే, ఇద్దరు కుమాళ్లను వెంటబెట్టుకొని అట్టి బండిలో మన్‌హైమునుండి ఫోర్జైమునకు పయనమైనపుడు, త్రోవపొడవునను నీరు పోయుచు బోవలసివచ్చెను. 1901 నాటి మెర్సిడెస్ కారునకు విల్హెల్మ్ మైబాక్ అమర్చిన తేనెపట్టు రేడియేటరులోనో, ఎనిమిదివేలకు పైబడిన సన్నని గొట్టములగుండ గాలి దూసుకొనిపోవుచుండ, వాని చుట్టును తిరుగు నీరు చల్లబడి మరల ఇంజనునకు జేరుచుండెను. అయితే ఇంజను సదా అదరుచుండునది, రేడియేటరు చట్రమునకు బిగింపబడి కదలకుండునది. ఈ రెంటిని లోహపు గొట్టముతో గట్టిగా బంధించిన, ఆ అదురునకు ఏదో యొకచోట పగులక మానదు. అందులకే ఆ నడుమ రబ్బరు గొట్టము. బండిలో ఉక్కును అల్యూమినియమును ఎంత గట్టివైనను, వాని ప్రాణము ఈ మెత్తని వస్తువునందే యున్నది.

మాది పగిలినది పై గొట్టము. పంక్చరు దుకాణమతడు ఇంజను చల్లారినపిదప సైకిలు ట్యూబును పట్టీగా కోసి పగులుమీద బిగియజుట్టి, నీరు నింపి, మూతను పూర్తిగా బిగింపక సగము త్రిప్పి విడిచెను. పీడనము కట్టకున్న కట్టు ఊడదని అతని లెక్క. అంతట వెనుకకు మరలి, రెండుచోట్ల నాగి నీరు పోసికొనుచు విజయవాడలోని ఇల్లు చేరితిమి.

మఱునాడు ప్రాతఃకాలమున, ఇంజను రాత్రియంతయు చల్లబడినపిదప, మా బావమరదిని తోడుబెట్టుకొని పనికి బూనితిని. ముందుగా బ్యాటరీ నెగటివు తీగను విప్పితిని. ఏలయన, కొన్ని కార్లలో తాళము తీసియున్నను ఫ్యాను తనంతట తిరుగనారంభించి వ్రేళ్లను తెగగొట్టగలదు. పిమ్మట రేడియేటరు అడుగునగల మరను వదలుచేసి ద్రవమును బేసినులోనికి దింపితిని. వీథికుక్క యొకటి వాసన చూచుచు వచ్చుటతో బేసినును గోడమీదికెక్కింపవలసివచ్చెను. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు తియ్యగానుండును. కడుపులోనికి పోయిన మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొని ప్రాణము దీయును. పసిపిల్లలున్న ఇంట దీనికి మంచినీళ్ల సీసాను వాడుట క్షమింపరాని తప్పు.

క్లిప్పులు సులభముగానే వచ్చినవి, గొట్టము మాత్రము రాలేదు. ఏండ్లతరబడి వేడికి కాగిన రబ్బరు లోహపు మూతిని కఱచి పట్టుకొనును. స్క్రూడ్రైవరుతో పెకలింపబూనిన, రేడియేటరు మూతియే విఱిగి, అల్పవ్యయముతో బోవు పని రేడియేటరు మార్చుటకు దారితీయును. పదునైన బ్లేడుతో గొట్టమును పొడవునకు చీల్చి, నారింజ తొక్కవలె ఒలిచితిని. మూతిమీద తెల్లని చిలుము పెచ్చులుగట్టియున్నది. గరుకు కాగితముతో మెల్లగా రుద్ది తుడిచినగాని క్రొత్త రబ్బరు అచ్చట ఆనదు.

చీల్చిన గొట్టమును వెలుతురులో త్రిప్పి చూచి ఆశ్చర్యపడితిని. పైన నల్లగా నిగనిగలాడుచునే యున్నది. లోపల, సరిగా క్లిప్పు బిగించిన కొనవద్ద, తమలపాకు ఈనెలవంటి సన్నని చీలికలు బారులుదీరియున్నవి. ఇంజను లోహమును, నీటిలో కరగిన లవణములును, రబ్బరులోని నల్లమసియును గలిసి చిన్న బ్యాటరీవలె పనిచేసి, గొట్టమును లోపలినుండి కొఱుకునట. కావున కంటికి బాగుగా గనబడు గొట్టమును నమ్మరాదు; ఇంజను చల్లగానున్నపుడు నడుమ నొకసారి, కొనలవద్ద నొకసారి రెండువ్రేళ్ల నడుమ నొక్కవలెను. కొన నడుమకంటె మెత్తగా దిగినను, లోపల కఱకఱమని తగిలినను, దాని ఆయువు తీరినట్లే.

క్రొత్త గొట్టము జారుటకు బావమరది గ్రీసు తెచ్చెను, వలదంటిని. ఈ గొట్టములను జేయు రబ్బరు పెట్రోలియపు నూనెలకు ఉబ్బి చెడును, సబ్బునురుగు చాలును. రెండు కొనలును కుదురుగా నెక్కించి నడుము నిలువుచేసికొనునంతలో అతడు "బావగారూ, మరి ఇది?" యని చేతిలోని క్లిప్పును జూపెను. ముందుగా గొట్టమునకు తొడుగవలసిన దానిని మఱచితిమి! అది స్ప్రింగు తీగ క్లిప్పైనచో అంతయు మరల పీకవలసియుండెడిది. స్క్రూ క్లిప్పు గావున పూర్తిగా విప్పి చుట్టుద్రిప్పి బిగింపగలిగితిని. 1921లో దీనికి పేటెంటు పొందిన లమ్లీ రాబిన్సన్ అను ఆంగ్లేయ నౌకాధికారికి మనసులోనే నమస్కరించితిని. క్లిప్పు లోహపు మూతి అంచునగల ఉబ్బునకు లోపలివైపున కూర్చుండవలెను. రబ్బరు క్లిప్పుకిరుప్రక్కల రవంత ఉబికినంతనే బిగింపు ఆపవలెను.

ఇక నింపుట. కృష్ణాతీరమున నీరు గడ్డకట్టదు గనుక కూలెంటెందులకను వాదమును నేనును చాలకాలము సమర్థించి బోరునీరే పోసితిని; గీజరులో పేరుకొను సుద్దయే రేడియేటరులోను పేరుకొనుననియు, తుప్పును అడ్డగించు మందులు కూలెంటులోనే యున్నవనియు ఆలస్యముగా దెలిసినది. సగము కూలెంటు, సగము డిస్టిల్డు వాటరు కలిపి మెల్లగా పోసి, బ్యాటరీ తీగ తగిలించి, మూత తీసియుంచియే ఇంజనును నడిపించి, ప్రక్కకు దొలగి నిలిచితిమి. మొదట పై గొట్టము చల్లగానే యుండెను. 82 డిగ్రీల ప్రాంతమున థర్మోస్టాటు తెరచుకొనగనే అది హఠాత్తుగా వేడెక్కి, లోపలి గాలి బుడగలై వెలువడి, ద్రవము గుటుక్కున దిగిపోయెను. ఇంకొంత పోసి మూత బిగించితిమి. మఱునాడు క్లిప్పులను మరల చూడగా పావుచుట్టు బిగింపు అందుకొన్నవి.

మూడుదినములు బండిక్రింద అట్టముక్క పఱచియుంచితిని. మూడవనాటి ఉదయమున దానిమీద అరచేతియంత తడి కనబడి గుండె జల్లుమన్నది. వ్రేలితో తాకి రుద్దితిని. పచ్చదనము లేదు, జిగట లేదు, తియ్యని వాసన లేదు. ముందునాటి సాయంకాలము ఏసీ వేసికొని బెంజిసర్కిలువఱకు పోయివచ్చిన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.