గల్ఫ్ నుంచి దిగిన గోల్ఫ్... పదకొండు వారాలు ఆడింది!

మన సినిమాల్లో గోల్ఫ్ కర్ర ఎవరి చేతిలో కనిపిస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. హీరో చేతిలో అరుదు. హీరోయిన్ తండ్రిగారి చేతిలోనో, విలన్‌గారి చేతిలోనో ఉంటుంది. పచ్చటి గడ్డి, తెల్లటి టోపీ, వెనకాల సంచీ మోసే మనిషి... అంతే! ఆయన కోటీశ్వరుడని డైలాగు లేకుండానే నేల టిక్కెట్టు వాడికి కూడా తెలిసిపోతుంది. ఆ సంచీ మోసే మనిషి ఎవరో, ఆ గడ్డికి నీళ్లు పట్టేది ఎవరో మాత్రం మనమూ అడగం, వాళ్లూ చెప్పరు.

అలాంటి దొరల ఆటను నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు బీళ్లలో, అయిదుగురు స్నేహితులు వారం వారం ఆడారంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. ఆ అయిదుగురిలో ఈ వ్యాసకర్త ఒకడు! 2019 సంక్రాంతి వెళ్లాక, జనవరి 20న మొదలై మార్చి 31 దాకా ఒక్క ఆదివారం తప్పకుండా పదకొండు వారాలు ఆడింది ఆ ఆట. హాలు లేదు, టిక్కెట్టు లేదు. ప్రేక్షక మహాశయులు మేకలు కాచుకునే పిల్లలు.

నీళ్లు పట్టేవాడే కథానాయకుడు

ఈ కథలో హీరో మా స్నేహితుడు. పేరెందుకులెండి. పదేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ఉద్యోగం ఏమిటంటారా? గోల్ఫ్ మైదానంలో గడ్డికి నీళ్లు పట్టడం!

ఎడారిలో గడ్డేమిటని ఆశ్చర్యపోకండి. 1988లో దుబాయిలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బు తెరిచారు. ఆ ప్రాంతంలో పోటీ స్థాయిలో పూర్తిగా గడ్డి పరిచిన మొదటి మైదానం అదే. తర్వాత గల్ఫ్‌లో అలాంటివి ఎన్నో వెలిశాయి. చాలాచోట్ల మురుగునీటిని శుద్ధి చేసి, గొట్టాల్లో పంపి, ఆ గడ్డిని బతికిస్తారు. మావాడు పనిచేసేది అలాంటి మరో మైదానంలో.

"ఊళ్లో మా నాయన మూడెకరాలు బీడు పడుండాది. బోరేస్తే దుమ్ము లేచింది. నేనేమో యాడనో తెల్లారుజామున నాలుగింటికి లేచి గడ్డికి నీళ్లు పడతా ఉండా. పదేళ్లు చూశాన్రా ఆ ఆట. ఒక్క దెబ్బ కొట్టలా" అన్నాడు మొదటిరోజు, టీ అంగడి బల్ల మీద కూర్చుని.

మూడు నెలల సెలవు మీద వచ్చినవాడి పెట్టెలో సబ్బులు, సెంటు సీసాలతో పాటు, అక్కడ పనికిరావని పారేసిన పాత గోల్ఫ్ బంతులు ఏడున్నాయి. "మనం ఆడదామబ్బా!" అన్నాడు. ముందు నవ్వాం. తర్వాత వాడి మొహం చూసి నవ్వు ఆపాం.

చెంచాల ఊళ్లో 'స్పూన్'

బంతులు సరే, కర్రలో? ఉదయగిరి చెక్క చెంచాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. మాలో ఒక భాయ్‌ది ఆ పనే. గోల్ఫ్ కర్రలు కూడా ఒకప్పుడు కొయ్యతో చెక్కినవే. వాటిలో ఒక రకానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా... 'స్పూన్'! ఈ మాట చెప్పగానే భాయ్ పకపకా నవ్వి, "అయితే మా ఇంటి నిండా గోల్ఫ్ కర్రలే!" అన్నాడు. వారం తిరిగేసరికి మూడు కర్రలు చెక్కి తెచ్చాడు. రూలు ప్రకారం ఒక్కో ఆటగాడు పద్నాలుగు కర్రలదాకా వాడుకోవచ్చు. మాకు అయిదుగురికీ కలిపి మూడే.

గుంట అడ్డకొలత నాలుగుంబావు అంగుళాలు ఉండాలి. పాలపొడి డబ్బా ఇంచుమించు సరిపోయింది. తొమ్మిది డబ్బాలు పాతాం. అసలు ఆటకు పద్దెనిమిది గుంటలు కాబట్టి రెండుసార్లు చుట్టేవాళ్లం. గుంట చుట్టూ గడ్డి ఉండాలి కదా అంటారేమో! నీటి ఎద్దడి ఉన్నచోట్ల గడ్డికి బదులు ఇసుక పరిచి ఆడడం మన దేశంలో పాత అలవాటే. గడ్డి ఉంటే 'గ్రీన్', ఇసుక ఉంటే 'బ్రౌన్'. మాది అచ్చమైన బ్రౌను!

ఒక ఆదివారం ఉదయగిరి దుర్గం కింద, మరో ఆదివారం ఆత్మకూరు పక్క బీట్లో. తొలి బస్సెక్కి వచ్చి, ఎండ ముదిరేలోగా ముగించి, దోసెలు తిని విడిపోయేవాళ్లం. 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట అది. ఆ కొండ కింద నిలబడి, పాలడబ్బాలో బంతి వేయలేక మేం పడ్డ అవస్థ చూస్తే రాయలవారికి కూడా జాలి కలిగేదే!

అంపైరు లేని ఆట

ఈ ఆటలో నాకు నచ్చింది రెండు సంగతులు. ఒకటి, మామూలు ఆటలో అంపైరు ఉండడు. ఎవరి దెబ్బలు వాళ్లే లెక్కపెట్టుకోవాలి. మూడోవారం మాలోని అయ్యవారి బంతి సర్కారు తుమ్మ కంపలో పడింది. లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు. మోచేతులు గీరుకుపోయి బయటికొచ్చి, "ఏడు" అన్నాడు. అయిదని చెప్పినా కాదనేవాళ్లు లేరు. ఆయన ఏడే చెప్పాడు.

రెండోది 'హ్యాండిక్యాప్'. చేతకానివాడికి ముందే కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. అందువల్ల గట్టివాడూ, నాలాంటివాడూ కలిసి ఆడవచ్చు. ఆఖరి గుంట దాకా ఎవరు గెలుస్తారో తెలియదు.

ఇంతకీ మన హీరో? మొదటివారం వాడి బంతి నేల మీంచి లేవలేదు. అయిదోవారం నుంచి మా అందరికీ దెబ్బలు మాఫీ చేయాల్సినవాడు వాడే అయ్యాడు! గుంట దగ్గర నేల వాలు చూడడంలో వాడిని మించినవాడు లేడు. రహస్యం అడిగితే ఒక్క మాట చెప్పాడు. "నీళ్లు ఎటు పారతాయో బంతి కూడా అటే పోతాది. పదేళ్లుగా నేను చూస్తా ఉండేది అదే కదా!"

ఆటను చూస్తూ ఉండిపోయాననుకున్నవాడు, నిజానికి నేర్చుకుంటూ ఉన్నాడన్నమాట!

సంచీ మోసినవాళ్లు గెలిచిన సందర్భాలూ లేకపోలేదు. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు వెలిసినా, ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడి కోసం 1991 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గెలిచిన అలీ షేర్, ఢిల్లీలో సంచులు మోస్తూ ఆట నేర్చినవాడే. 2016లో నవాజుద్దీన్ సిద్దిఖీ హీరోగా హిందీలో 'ఫ్రీకీ అలీ' వచ్చింది. అందులో గోల్ఫ్ కర్ర పట్టింది కోటీశ్వరుడు కాదు, బస్తీ మనిషి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క దెబ్బ తేడాతో పోయింది. ఒక్క దెబ్బ విలువ ఏమిటో మా అయ్యవారినడిగినా చెబుతాడు!

చివరి బంతి

కంపల్లో పోయినవి పోగా, పదకొండోవారానికి మిగిలింది ఒకే బంతి. అయిదుగురం వంతులవారీగా దానితోనే ఆడాం. ఎవరూ గట్టిగా కొట్టలేదు. బంతి పోతే ఆట ముగుస్తుందని భయం. నిజానికి ఆట ఎప్పుడు ముగిసేదీ విమానం టిక్కెట్టు మీద ముందే అచ్చయి ఉంది. చివరి గుంటలో బంతి వేసి, బయటికి తీసి, దుమ్ము తుడిచి, మేకల పిల్లవాడి చేతిలో పెట్టాడు మావాడు. "నాకు ఆడ బంతులకు కొదవా?" అన్నాడు.

మరుసటి ఏడాది కరోనా. వాడి సెలవు రద్దయింది. అయ్యవారికి బదిలీ అయింది. ఆ తర్వాత అయిదుగురం ఒకే ఆదివారం ఒకచోట చేరింది లేదు. ఫోను చేసినప్పుడు మాత్రం వాడు చెబుతుంటాడు. అక్కడ దొరలు గుంట దగ్గర బంతి కొట్టగానే, పడుతుందో లేదో దూరం నుంచే తోటి పనివాళ్లకు చెప్పేస్తాడట. నీళ్ల గొట్టం చేతిలోనే ఉంటుంది. కానీ ఇప్పుడు వాడు ఉత్త ప్రేక్షకుడు కాడు.

సినిమా చూడ్డం మానేసి మైదానాలకు పొమ్మని మీకు చెప్పే సాహసం ఈ వ్యాసకర్త చేయడు! మార్నింగ్ షో పదకొండింటికి కదా? అంతకు ముందు బోలెడు టైముంది. నలుగురు స్నేహితులు, ఒక కర్ర, ఒక పాలడబ్బా చాలు. అందరూ ఒకే ఊళ్లో ఉన్నప్పుడే మొదలుపెట్టండి.